కలిసే ముందు కాగితం చదవాలి



ఈసారి వార్షికోత్సవ వక్తృత్వ పోటీకి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. అంశం: ‘ఒక దేశం దేశాల కూటమిలో కొనసాగాలా, బయటికి రావాలా?’ పిల్లలంతా బ్రిటన్ గురించి చదువుకొని వచ్చారు. 2016 జూన్ 23న అక్కడ ఓటు పెడితే నూటికి దాదాపు 52 మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు. 2020 జనవరి 31న బయటికి వచ్చేశారు. ఐకమత్యమే బలమని కొందరు, ఎవరి ఇంటికి వారే పెద్ద అని కొందరు బాగానే మాట్లాడారు. అలంపూర్ వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాడు మాత్రం బ్రిటన్ పేరే ఎత్తలేదు. “మా కాలువ తల కర్ణాటకల ఉన్నది, తోక మా ఊళ్లె ఉన్నది. కలిసే ఉందాం సార్, కానీ నీళ్లు కొలిచేటోళ్లల్ల మావోడు ఒక్కడు ఉండాలె” అన్నాడు. గంట కొట్టినా ఆపలేదు. అంశం దాటాడని మార్కులు తగ్గాయి. నేను వాడికే మొదటి బహుమతి వేశాను, మిగిలిన ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. ఎందుకు వేశానో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

వాడు చెప్పింది రాజోలిబండ కాలువ సంగతి. తుంగభద్ర మీద ఆనకట్ట రాయచూరు జిల్లాలో ఉంది. గద్వాల, అలంపూర్ ప్రాంతంలో 87,500 ఎకరాలకు 15.9 టీఎంసీల నీళ్లు ఇవ్వాలని లెక్క. రాయచూరు, పాలమూరు ఒకప్పుడు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. 1956 నవంబర్ 1న ఆ రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు మైసూరుకు పోయింది, మనం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం. అంటే ఒకే రోజు ఒకరితో విడిపోయాం, ఇంకొకరితో కలిశాం. రెండిటికీ భాషే కారణం. కాలువకు భాష తెలియదు కదా!

ఆ కలయికకు ముందు ఒక మంచి సలహా వచ్చింది. ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో, తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో ఎన్నికలు జరిగాక కొత్త శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలని చెప్పింది. చిన్నవాడి చేతికి తాళంచెవి ఇవ్వడమంటే అదే. ఆ తాళంచెవి వదులుకొని మనవాళ్లు ఒక కాగితం తీసుకున్నారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం అది. సంతకం పెట్టినవారిలో మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు గారు కూడా ఉన్నారు.

ముఖ్యమంత్రి ఆంధ్రవాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలని అందులో ఉంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేకుండా పోయింది. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెట్టాలని ఉంది. ఆ లెక్క తేల్చడానికి 1969లో జస్టిస్ భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. ఉద్యోగాల్లో స్థానికుల రక్షణకు చట్టమైతే చేశారు గానీ, 1969 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాది విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1971లో తెలంగాణ ప్రజాసమితికి 14 లోక్‌సభ స్థానాల్లో 10 ఇచ్చి జనం జవాబు చెప్పారు. ఆ పార్టీ నాయకులే కాంగ్రెస్‌లో కలిసిపోయారు.

కలవాలన్నవాళ్లంతా ద్రోహులని నేననను. 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డి గారి పార్టీ కూడా విశాలాంధ్రనే కోరింది. దొరల రాజ్యం చూసినవాళ్లకు పెద్ద తెలుగు రాష్ట్రం ఆశగా కనిపించడంలో వింత లేదు. కానీ నాగార్జునసాగర్ డ్యామ్ ఉన్న జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను చూశాక, ఆశకు కొలబద్ద కూడా ఉండాలని నాకనిపించింది.

యూరోపియన్ యూనియన్ ఒడంబడికలో బయటికి పోయే దారి 50వ అధికరణంగా రాసే ఉంది. మన రాజ్యాంగంలో రాష్ట్రాలను కలిపేదీ, విడదీసేదీ 3వ అధికరణం కింద పార్లమెంటే. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 20న రాజ్యసభ ఆమోదించింది. పెద్దమనుషులు సంతకాలు పెట్టిన తేదీ కూడా అదే, 58 ఏళ్ల తర్వాత!

మన హాస్టల్ పిల్లలకు ఇంకొక సంగతి ఉంది. భాషాప్రయుక్త రాష్ట్రాల మీద 1955లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ చిన్న రాష్ట్రాలే మేలన్నారు. ఆ వెంటనే, అలాంటి రాష్ట్రంలో భూమీ ఉద్యోగాలూ చేతిలో ఉన్న పెద్ద కులాల కింద చిన్న కులాల గతేమిటని కూడా అడిగారు, ఆంధ్రనే ఉదాహరణగా చూపించారు. మనమంతా తెలుగువాళ్లమని ఉపన్యాసాలు దంచే రోజుల్లో మా ఊరి హోటల్లో మా నాయనకు గ్లాసు వేరే. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన రోజు నేనూ స్వీట్లు పంచాను. పంచుతూనే ఆ గ్లాసు గుర్తుకొచ్చింది.

విడిపోయాక కృష్ణా నీళ్ల 811 టీఎంసీల్లో తెలంగాణకు 299 అని 2015లో ఏర్పాటు జరిగింది, తాత్కాలికమని కూడా రాసుకున్నారు. ఆ మీద జరిగిన వాదనలు మీకు తెలిసినవే. వచ్చే ఏడు పోటీకి ‘299లో పాలమూరుకెంత, నల్లగొండకెంత?’ అనే అంశం పెట్టమని వార్డెన్ సారును అడిగాను. ముందు గంటకు విలువిచ్చే జడ్జిని వెతుక్కుంటానని ఆయన నవ్వారు.