మందిచ్చు చేయి యెవరిది?

మాడుగుల యనిన హల్వా జ్ఞప్తికి రావలెను. నేడు పాడేరు కనుమ దిగివచ్చు గంజాయి బండ్ల తనిఖీయు జ్ఞప్తికి వచ్చుచున్నది. పట్టుబడిన సరకును గూర్చి యందఱును మాటాడుదురు. మత్తునకు లోబడిన మనుష్యుని గూర్చి మాటాడువా రరుదు. ఆతని పక్షమున రెండు మాటలు చెప్పదలచితిమి.

గంజాయి వేరు, నల్లమందు, హెరాయిను, నొప్పిమాత్రగా నమ్ముడగు ట్రమడాలు వేరు. ఈ రెండవ జాతి వ్యసనమునకు మందు గలదు. బ్యూప్రినార్ఫిన్ మాత్ర నాలుక క్రింద కరగినచో యాతన యణగి, రోగి తిరిగి పనికి పోగలడు. నడుమ మందు మానిన వానికి అపాయము హెచ్చు. శరీరమునకు మత్తును తాళు శక్తి తగ్గియుండుటచే, పూర్వపు మోతాదే ప్రాణము తీయవచ్చును. కావున నీ మందు క్రమము తప్పక అందవలెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వే ప్రకారము, ఈ జాతి మత్తుచే బాధపడుచు సహాయము కావలసినవారు దేశమున సుమారు 77 లక్షలు.

చట్టము నిర్దయమైనది కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున 8వ సెక్షను వైద్యపు వాడుకను మినహాయించినది. 64ఎ సెక్షను, స్వల్పపరిమాణపు నేరములలో, స్వయముగా చికిత్సకు వచ్చువానికి రక్షణ యిచ్చినది. 71వ సెక్షను చికిత్సాకేంద్రములు పెట్టు నధికారము నిచ్చినది. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ఈ రుగ్మతకును వైద్యము పొందు హక్కును కల్పించినది. కాగితముపై హక్కునకు కొదువ లేదు. మందిచ్చు చేతికే కొదువ.

విశాఖపట్టణము మాడుగులకు సుమారు 70 కిలోమీటర్లు. కూలివాడు దినదినము బస్సెక్కి మాత్రకై పోయినచో, కూలి యెవరిత్తురు? జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రములలో డాక్టరు మోతాదు నిర్ణయించును. నర్సు తన కన్నులయెదుట రోగిచే మాత్ర వేయించును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రము 2019లో అంబులెన్సు పారామెడిక్కులకే ఈ మందిచ్చు ననుమతి నొసంగినది. అచట సాధ్యమైనది యిచట నేల కారాదు?

మందే బజారున బడునని కొందఱి శంక. శంక న్యాయమే. దానికి మందు నాపుట విరుగుడు కాదు. లెక్క వ్రాయుటయే విరుగుడు.

కావున మేము కోరునవి మూడు. డాక్టరు వ్రాతపూర్వకమగు నుత్తరువుపై, శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్యసిబ్బంది తమ యెదుటనే మాత్ర వేయించునట్లు స్పష్టమగు నిబంధన చేయవలెను. ప్రతిమాత్రకును రిజిస్టరులో లెక్క యుండవలెను. శ్వాస నిలుచు వేళ ప్రాణము గాచు నాలోక్సోను ప్రతి 108 బండిలో నుండి, దానిని వాడిన సిబ్బందికి చట్టరక్షణ కలుగవలెను.

నల్లమందు అమ్మి ఖజానా నింపుకొనిన పరప్రభుత్వమును మన పెద్దలు నిలదీసిరి. నేడు ప్రభుత్వము మనది, రోగియు మనవాడే. వానిని చెఱసాలకు పంపు దారి యెల్లరకును దెలియును. ఆసుపత్రికి పోవు దారిని వాని యూరిదాక వేయుట మన విధి.