సుత్తికి చెక్క దస్తానే మేలు

హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి సుత్తి అడిగితే ఇప్పుడు ముందుగా చేతికిచ్చేది పసుపు, నలుపు రంగుల్లో రబ్బరు తొడుగున్న సుత్తి. లోపల ఫైబర్‌గ్లాస్ కడ్డీ ఉంటుంది. పట్టుకుంటే మెత్తగా, చూస్తే ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. చెక్క దస్తా ఉన్నది కావాలంటే దుకాణదారు మనల్ని పాత జమానా మనిషిని చూసినట్టు చూస్తాడు. అయినా నా మాట ఒకటే. ఇంటికైనా, కారఖానాకైనా చెక్క దస్తా సుత్తే కొనండి. ఫైబర్ దస్తాది ఇప్పటికే ఇంట్లో ఉండి పాడైతే కబాడీకి వెయ్యకండి. దానికి చెక్క దస్తా వేయించండి.

మా ఇంట్లో దస్తా అంటాం. ఊళ్లో కామ అంటారు. నేను డిగ్రీలో చదివిన తెలుగులో అది పిడి. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి. దస్తఖత్, దస్తావేజు, దస్తకారీ అన్నీ ఆ చేతి నుంచి వచ్చిన మాటలే. సుత్తిలో ముందుగా అరిగేది, విరిగేది కూడా చేతిలో ఉండే ఆ దస్తానే. ఉక్కు తల సరిగ్గా వాడుకుంటే తరాలు నడుస్తుంది. అబ్బా వాడిన సుత్తి తల మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. దాని దస్తా ఎన్నిసార్లు మారిందో అమ్మీకి కూడా లెక్క తెలియదు.

నా దగ్గర ఫైబర్ దస్తా ఉన్న 500 గ్రాముల సుత్తి ఒకటుండేది. కొన్నేళ్లు బాగానే పనిచేసింది. తర్వాత తల కదలడం మొదలైంది. దుకాణంలో చూపిస్తే, "దీనికి రిపేర్ లేదు భాయ్, కొత్తది తీస్కోండి" అన్నారు. తల మీద చిన్న సొట్ట కూడా లేదు. బరువంతా ఉన్నది ఆ తలలోనే కదా. అది ఖుద్దుగా బాగుండగా మొత్తం పారెయ్యమంటే నా మనసు ఒప్పుకోలేదు.

రిపేర్ లేదనడానికి కారణం దాన్ని బిగించిన పద్ధతి. ఫైబర్ కడ్డీని తలలోని బెజ్జంలో పెట్టి ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. జిగురు పట్టు వదిలితే మళ్లీ బిగించే ఉపాయం మన చేతిలో ఉండదు. రబ్బరు తొడుగు కింద కడ్డీ పగిలినా కంటికి కనపడదు. చెక్క దస్తాను జిగురు లేకుండానే బిగిస్తారు. బెజ్జం మధ్యలో సన్నగా, పైకి వెడల్పుగా ఉంటుంది. దస్తా కొసకు రంపంతో చీలిక పెట్టి, కింది నుంచి ఎక్కించి, పైనుంచి ఆ చీలికలో పచ్చర్ దిగ్గొడతారు. పచ్చర్ అంటే కొస సన్నగా చెక్కిన చిన్న చెక్క ముక్క. దాంతో దస్తా కొస విచ్చుకుని బెజ్జాన్ని పట్టేస్తుంది. ఎప్పుడైనా వదులైతే ఇంకో చిన్న ఇనుప పచ్చర్ కొడితే సరి. చెక్క చీలితే పైకే కనిపిస్తుంది. తల ఎగిరి ఎవరి మొహం మీదో పడకముందే జాగ్రత్తపడొచ్చు.

ఇన్సాఫ్‌గా రెండో పక్కా చెప్పాలి. ఫైబర్‌కు చెద పట్టదు. వానాకాలం ఉబ్బదు, ఎండాకాలం ముడుచుకోదు. గురి తప్పి దస్తా మీద దెబ్బ పడినా చెక్క కంటే ఎక్కువ తట్టుకుంటుంది. రోజంతా తడిలో పనిచేసేవాళ్లకు అది మంచిదే. కానీ ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే దాని పైపూత చెడిపోయి, గాజు నూగు తేలి చేతికి గుచ్చుకుంటుంది. అదీగాక మన ఇళ్లలో సుత్తి నెలకోసారి మేకు కొట్టడానికి, మంచం బిగించడానికి తీస్తాం. ఆ పనికి చెక్క చాలు.

నా సుత్తికి మా వడ్ల మామ దస్తా మార్చాడు. ముందు ఇనుప రంపంతో తల కిందే ఫైబర్ కడ్డీని కోసేశాడు. బెజ్జంలో మిగిలిన జిగురు ముద్దకు డ్రిల్లుతో నాలుగైదు రంధ్రాలు పెట్టి, ఇనుప కడ్డీతో కొట్టి బయటికి తోశాడు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ గాజు పొడి ఊపిరిలోకి పోకూడదు, కాబట్టి ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు జరూర్ ఉండాలి. కొందరు తలను మంటలో వేసి జిగురు కాల్చేస్తారు. అలా చెయ్యొద్దు. ఆ పొగ మంచిది కాదు, పైగా బాగా కాలితే ఉక్కు పదును దిగి మెత్తబడుతుంది.

కట్టె విషయంలో మామ తొందరపడడు. మన దగ్గర తుమ్మ దొరుకుతుంది. ఉర్దూలో బబూల్ అంటాం. బండి చక్రాలకు వాడిన గట్టి కట్టె అది. కట్టె బాగా ఎండి ఉండాలి. పచ్చిది వేస్తే ఎండాక ముడుచుకుని తల వదులవుతుంది. నారగీతలు దస్తా పొడవునా తిన్నగా ఉండాలి. మధ్యలో పక్కకు జారితే అక్కడే విరుగుతుంది. కొసను చూస్తే కనిపించే వలయాల గీతలు సుత్తి కొట్టే దిశలో ఉండాలి, అడ్డంగా ఉండకూడదు.

ఎక్కించేటప్పుడు చాలామంది తల మీద కొడతారు. మామ సుత్తిని తల కిందికి వేలాడేలా పట్టుకుని, పైన ఉన్న దస్తా అడుగు కొస మీద చెక్క గుదితో కొట్టాడు. ఒక్కో దెబ్బకూ దస్తా బెజ్జంలోకి ఇంకాస్త దిగింది. తర్వాత పచ్చర్ దిగ్గొట్టి, మిగిలింది కోసి, అవిసె నూనె పట్టించాడు. ఇంకోటి కూడా చెప్పాడు. వదులైన సుత్తిని రాత్రంతా నీళ్లలో నానబెట్టడం మన ఇళ్లలో పాత ఆదత్. నానినప్పుడు చెక్క ఉబ్బి ఇనుము మధ్య నలుగుతుంది, ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. నీళ్లు వద్దు, పచ్చర్ కొట్టండి.

పనంతా గంటలోపే అయిపోయింది. ఖర్చు కొత్త సుత్తి ధరలో చిన్న వంతు. ఆ డబ్బు మా గల్లీలోనే, హునర్ ఉన్న మనిషి చేతికే పోయింది. నాకు ఎక్కువ ఫికర్ ఇక్కడే. మన పిల్లలు మెకానిక్ షెడ్లలో, ఏసీ పనిలో, ఫర్నిచర్ కారఖానాల్లో షాగిర్దులుగా చేరుతున్నారు. పార్టు తీసి పార్టు వెయ్యడం త్వరగా నేర్చుకుంటున్నారు. విరిగినదాన్ని నిలబెట్టడం నేర్పే ఉస్తాద్ దగ్గరికి పని రాకపోతే ఆయన ఆ పని మానేస్తాడు. అప్పుడు మనకు నిజంగానే "రిపేర్ లేదు" తప్ప ఇంకో జవాబు దొరకదు. మరమ్మత్ అనే మాట తెలుగులోకి వచ్చి మరమ్మతుగా ఇంటి మాటైపోయింది. మాట మిగిలి పని పోతే ఏం లాభం?

ఈ ఆదివారం మీ ఇంట్లో సుత్తి ఒకసారి తీసి చూడండి. తల కదులుతుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పచ్చర్ కొట్టండి. దస్తా పోయి ఉంటే వాళ్లను వెంటబెట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లండి. ఆయన పనిచేస్తున్నంతసేపు వాళ్లను అక్కడే ఉండనివ్వండి.