కొత్త సిస్టమ్‌లో చిక్కుబడిన పాత తెలుగు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్, ఆ స్థాయి ప్రాసెసర్ పాత కంప్యూటర్లలో చాలావాటికి లేవు. తెలుగు ఊళ్లలోని డీటీపీ సెంటర్లకు, చిన్న ప్రెస్సులకు, ఇంట్లో కూర్చుని పుస్తకాలు కంపోజ్ చేసేవాళ్లకు సిస్టమ్ మార్చక తప్పని పరిస్థితి వచ్చింది. కొత్తది బల్ల మీదికి రాగానే చాలామంది చేసే మొదటి పని పాత హార్డ్‌డిస్క్‌లోంచి పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7.0ను, ‘అను’ అనే తెలుగు ఫాంట్లను తెచ్చి అందులో ఎక్కించడం. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని పెంచడం మానేసింది 2004లో. అంటే, తయారుచేసినవాళ్లే ఇరవై ఏళ్ల కిందట వదిలేసిన సాఫ్ట్‌వేర్ మీద తెలుగు ముద్రణలో పెద్ద భాగం ఇప్పటికీ నడుస్తోంది.

ఇది చూసి ఆపరేటర్లు కాలంతో మారరని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ విసుగు అన్యాయం. తెలుగు కొట్టే యాపిల్ కీబోర్డు అమరికో మాడ్యులర్ అమరికో వేళ్లకు పట్టుబడినవాళ్లు కళ్లు రాతప్రతి మీద పెట్టి మ్యాటర్ కొట్టుకుంటూ పోతారు. పేజీకి ఇంత అని తీసుకునేవాళ్లకు ఆ వేగమే కూలి. కొత్త సాఫ్ట్‌వేర్ అంటే నెలనెలా చందా. పైగా ఏళ్లుగా కూడిన పెళ్లికార్డుల డిజైన్లు, లెటర్‌హెడ్లు, కరపత్రాలు, పాత పుస్తకాల పేజీలు అన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. రెండో ముద్రణ వేయించుకోవాలని రచయిత వస్తే ఆ ఫైలు తెరుచుకోవాలి. అందుకే పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త సిస్టమ్‌లోకి మోసుకుపోవడాన్ని నేను తప్పుపట్టను. నా బాధ వేరే చోట ఉంది. ఆ ఫైళ్లలో ఉన్న తెలుగు, కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు.

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆల్డస్ అనే అమెరికన్ కంపెనీ 1985లో మెకింటాష్ కోసం పేజ్‌మేకర్‌ను తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. ఆ కాలపు ఫాంటులో ఉండే గదులు 256. రోమన్ లిపికి అవి చాలు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే వందల రూపాలు అవసరమయ్యే తెలుగుకు ఎక్కడ చాలుతాయి? మన ఫాంటు నిపుణులు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. ఒక్కో ముక్కను ఒక్కో రోమన్ గుర్తు గదిలో కూర్చోబెట్టి, తెరమీద పక్కపక్కన పేర్చి అక్షరంగా చూపించారు. అది మామూలు ప్రతిభ కాదు. సీసపు అక్షరాల కేసుల ముందు నిలబడి పేర్చే పని నుంచి తెలుగు ముద్రణ కంప్యూటర్‌లోకి రాగలిగింది దానివల్లే. చిన్న పట్టణంలో ఒక గది, ఒక సిస్టమ్, ఒక లేజర్ ప్రింటర్ ఉంటే చాలు, పుస్తకం తయారయ్యే రోజులు వచ్చాయి. కవిత్వ సంపుటాలు, స్థల చరిత్రలు, జిల్లా స్థాయి పత్రికలు ఆ గదుల్లోంచే పుట్టాయి.

అయితే ఆ ఏర్పాటులో కంప్యూటర్ దాచుకున్నది తెలుగు మాటను కాదు, ముక్కల వరసను. ఫాంటు లేని సిస్టమ్‌లో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది నెత్తిన గుర్తులు పెట్టుకున్న రోమన్ అక్షరాల గుంపు. మూడు వందల పేజీల పుస్తకంలో ఒక ఊరి పేరు ఎక్కడ వచ్చిందో వెతకాలంటే మామూలు సెర్చ్ పనిచేయదు. పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేస్తే చెత్త వస్తుంది. చూపులేని పాఠకుడికి పేజీ చదివి వినిపించాల్సిన స్క్రీన్ రీడర్‌కు అందులో తెలుగు దొరకదు. ఇంటర్నెట్‌లో పెట్టినా ఎవరి వెతుకులాటకూ అందదు. 1990ల నుంచి అచ్చయిన తెలుగు పుస్తకాల్లో చాలా భాగం ఈ స్థితిలోనే ఉంది. కంప్యూటర్‌లో కంపోజైన పుస్తకాన్ని ఈ రోజు కంప్యూటర్‌లో చదువుకోవాలంటే, అచ్చుకాపీని స్కాన్ చేసి బొమ్మలుగా చూసుకోవాల్సి రావడం కంటే బాధాకరం ఏముంది?

ఇంతకాలం లేని తొందర ఇప్పుడెందుకంటే, ఈసారి జరుగుతున్న సిస్టమ్ మార్పు మునుపటి వాటిలాంటిది కాదు. విండోస్ 10 వరకు 32 బిట్ రకం కూడా దొరికేది. దానిలో 1990ల నాటి 16 బిట్ ప్రోగ్రాములను ఇంకా నడుపుకునే వీలుండేది. విండోస్ 11 పూర్తిగా 64 బిట్. 16 బిట్ ప్రోగ్రాములను అది అసలు తెరవదు. ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాము 32 బిట్‌దే అయినా, ఇన్‌స్టాల్ చేసే ఫైలు 16 బిట్‌ది కావడం మామూలు. అప్పుడు సీడీ ఉన్నా ప్రయోజనం లేదు. ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం ఉంటేనే నడిచే పాత భాషా ప్యాకేజీలది మరో ఇబ్బంది. ఆ తాళానికి కావలసిన 32 బిట్ డ్రైవరును 64 బిట్ విండోస్ ఒప్పుకోదు, అసలు కొత్త సిస్టమ్‌కు ఆ పోర్టే ఉండదు. ఎలాగో కంపాటిబిలిటీ మోడ్‌లో పేజ్‌మేకర్‌ను నడిపించుకున్నవాళ్లు ఉన్నారు. విండోస్‌లో తర్వాత వచ్చే ఏ మార్పు దాన్ని ఆపేస్తుందో చెప్పగలవాళ్లు లేరు, ఆగిపోతే బాగుచేసే కంపెనీ లేదు.

బయటపడే దారులు కూడా ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయి. పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో, పేజ్‌మేకర్ ఫైలును నేరుగా తెరవగలిగిన చివరి వెర్షన్ 2012లో వచ్చిన సీఎస్6. ఆ తర్వాతి చందా వెర్షన్లకు ఆ శక్తి లేదు. తెలుగు లాంటి లిపులను సరిగ్గా పేర్చే కంపోజరును అడోబీ బాహాటంగా అందించిందీ ఆ సీఎస్6లోనే. పాత తెలుగు ఫైలుకూ కొత్త తెలుగు అమరికకూ మధ్య వంతెనలా పనికొచ్చే ఆ వెర్షన్ ఇప్పుడు కొందామన్నా అడోబీ అమ్మదు. 2023 జనవరికల్లా అడోబీ తన సాఫ్ట్‌వేర్‌లో టైప్ 1 అనే పాత రకం ఫాంట్లకు మద్దతు కూడా తీసేసింది.

భద్రత సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. నకిలీ కాపీ నడవాలని యాంటీవైరస్‌ను ఆపి ఉంచే సెంటర్లలో, ఇతరుల పెన్‌డ్రైవులు రోజంతా గుచ్చే సెంటర్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. పాత సాఫ్ట్‌వేర్ తప్పదనుకుంటే దాన్ని కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్‌బాక్స్ లాంటి దానిలో, ఇంటర్నెట్ తగలకుండా నడపడం మేలు. కొత్త సిస్టమ్‌కు ఆ బరువు మోసే శక్తి ఉంటుంది.

అసలు పని మాత్రం మ్యాటర్‌ను, తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచుకునే యూనికోడ్‌లోకి తేవడమే. తెలుగు 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే ఉంది. గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. 2012 నుంచి సిలికానాంధ్ర చొరవతో సురన్న, మండలి, గిడుగు లాంటివి వరసగా వచ్చాయి. యాపిల్ అమరికతోనే యూనికోడ్ కొట్టే వీలుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు పేజీలు పేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఉంది. అచ్చుకు పనికొచ్చే రకరకాల మందాలు, శీర్షికల హొయలు యూనికోడ్ ఫాంట్లలో ఇంకా చాలవని ప్రెస్సువాళ్లు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఫాంట్లు గీయించడానికి ప్రభుత్వాలు, పెద్ద ప్రచురణ సంస్థలు డబ్బు పెట్టాల్సింది అందుకే.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటితో పని పూర్తవుతుందనుకుంటే పొరపాటు. ఐత్వం రెండు ముక్కలు: పైన ఎత్వం, కింద ఇంకో గుర్తు. ఏది ముందు పెట్టినా కాగితం మీద ఒకేలా కనిపిస్తుంది, యూనికోడ్‌కు వరస ముఖ్యం. పక్కకు జరిగిన ఒత్తును ఆపరేటర్ చేత్తో సర్ది ఉంటే కన్వర్టర్ తికమకపడుతుంది. పంక్తి చివర విరవడానికి పెట్టిన గీతలు మాటల మధ్యలో మిగిలిపోతాయి. ఎవరో ఒకరు కూర్చుని ప్రూఫు దిద్దాలి. అది మనిషి పని, దానికి కూలి ఉంది. ఇప్పటివరకు ఆ కూలి ఎవరూ లెక్కలో వేయకపోవడంవల్లే పని జరగలేదు.

ఆ ఖర్చు ఆపరేటర్ నెత్తిన వేయకూడదు. ప్రభుత్వ పాలనలో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించింది. పుస్తకాలు వేయించే ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు తమ టెండర్లలో పీడీఎఫ్‌తో పాటు దిద్దిన యూనికోడ్ ప్రతి కూడా ఇవ్వాలని రాసి, దానికి విడిగా రేటు కట్టాలి. ప్రచురణకర్తలు తమ జాబితాలోని పుస్తకాలకు ఇదే చేయాలి. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న రచయిత కంపోజింగ్ బిల్లు కట్టేటప్పుడు ఆ ఫైలు అడిగి తీసుకోవాలి. చాలామంది రచయితల దగ్గర ఉన్నది అచ్చు ప్రతులే. ఫైలు సెంటర్‌లో ఏ సీడీలోనో ఉండి ఉంటుంది, ఆ సీడీ ఇంకా చదవగలిగే స్థితిలో ఉందో లేదో చూసినవాళ్లు లేరు.

సిస్టమ్ మారుస్తున్న సెంటర్లలో పాతది ఇంకా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని పాతసామాన్లవాళ్లకు వేసేముందు, అన్ని ఫాంట్లూ అందులో ఉండగానే, ఉన్న ప్రతి పుస్తకం ఫైలునూ తెరిచి ముందు పీడీఎఫ్ తీయాలి, తర్వాత మ్యాటర్‌ను బయటికి తీసి కన్వర్టర్‌కు ఇవ్వాలి, ఆ రెంటితో పాటు ఫాంట్ల కాపీని కూడా రచయితకో ప్రచురణకర్తకో పంపాలి. ప్రూఫు దిద్దే పని వచ్చే ఏడాది చేసుకోవచ్చు. ఫైలు తెరిచే పని ఇప్పుడే జరగాలి.