జీతం ముందా, వడ్డీ ముందా?

ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక అక్క నన్ను పక్కకు పిలిచింది. ఇరవై ఏళ్లుగా వీధులు ఊడుస్తున్న మనిషి. తాతల కాలంలో ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. "అయ్యగారూ, రెండు నెలల నుంచి జీతం పడలేదు. అడిగితే కార్పొరేషన్‌లో డబ్బుల్లేవంట. డబ్బుల్లేనోళ్లకు వందల కోట్ల అప్పు ఎట్లా పుడతాది? మాకైతే వెయ్యి రూపాయలు కూడా పుట్టదే!" అంది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. జవాబు సులువుగానే దొరికింది గానీ చేదుగా ఉంది. అప్పిచ్చేవాళ్లను వరుసలో మొదట నిలబెడుతున్నారు కాబట్టి అప్పు పుడుతోంది. ఆ అక్కను చివర నిలబెడుతున్నారు కాబట్టి జీతం ఆగుతోంది.

నగరపాలక సంస్థలు తమంతట తాము అప్పు చేయలేవు. 1914 నాటి స్థానిక సంస్థల రుణ చట్టం కాలం నుంచీ పై ప్రభుత్వం అనుమతి కావాల్సిందే. అనుమతి వచ్చాక బ్యాంకుల దగ్గరో, హడ్కో లాంటి సంస్థల దగ్గరో తీసుకుంటాయి. లేదా బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్ముతాయి. దేశంలో మొదటి మున్సిపల్ బాండ్ 1997లో బెంగళూరుదే. 125 కోట్ల రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వ పూచీతో. మరుసటి ఏడాది అహ్మదాబాద్ ఆ పూచీ లేకుండానే 100 కోట్లు తెచ్చింది. 2015లో సెబీ నిబంధనలు వచ్చాక వేగం పెరిగింది. 2017లో పుణె నీటి పథకానికి 200 కోట్లు, 7.59 శాతం వడ్డీకి. 2018లో హైదరాబాద్ 200 కోట్లు, 8.90 శాతానికి. అదే ఏడాది విశాఖపట్నం 80 కోట్లు, 10 శాతానికి. 2025 మేలో చెన్నై 200 కోట్లు, 7.97 శాతానికి. చెన్నై ఒక్క బాండ్ మీదే ఏడాదికి దాదాపు 16 కోట్ల వడ్డీ.

ఈ వడ్డీ ఎలా కడతారన్నదే అసలు సంగతి. బాండ్లకు ఎస్క్రో ఖాతా అని ఒకటి తెరుస్తారు. మనం కట్టే ఇంటిపన్ను లాంటి ఆదాయాన్ని ముందుగా అందులో వేస్తారు. వడ్డీకీ అసలుకీ కావలసింది పక్కన పెట్టాకే మిగతాది కార్పొరేషన్ చేతికి వస్తుంది. గడచిన ఏడాదిలో బ్యాంకు అప్పు ఎగ్గొట్టిన కార్పొరేషన్‌కు బాండ్లు అమ్మే అర్హతే ఉండదు. ఊడ్చేవాళ్ల జీతం ఎగ్గొట్టిన కార్పొరేషన్‌కు మాత్రం అలాంటి అడ్డేమీ లేదు. పైగా జీతం కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది. అతని బిల్లు ఎక్కడో ఫైళ్ల కింద ఆగితే ఆ అక్క ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

బెంగళూరులో ఒకప్పుడు టౌన్ హాల్, కె.ఆర్. మార్కెట్ లాంటి ఊరందరి ఆస్తుల్ని కూడా హడ్కో అప్పుల కోసం తాకట్టు పెట్టారు. తర్వాత ఒక్కొక్కటిగా విడిపించారు. ఆ మార్కెట్లో చెత్త ఎత్తేవాళ్లలో ఎందరికి తాము ఊడుస్తున్న నేల తాకట్టులో ఉందని తెలిసి ఉంటుంది? అదే నగరంలో 2018 జూలైలో ఒక పౌరకార్మికుడు ప్రాణం తీసుకున్నాడు. నెలల తరబడి జీతం అందలేదని తోటివాళ్లు చెప్పారు. చెన్నై కార్పొరేషన్ బాండ్ అమ్మిన మూడు నెలలకే, 2025 ఆగస్టులో, పారిశుద్ధ్య కార్మికులు రిప్పన్ భవనం ముందు దాదాపు రెండు వారాలు కూర్చున్నారు. రెండు జోన్ల పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దన్నారు. అర్ధరాత్రి పోలీసులు వాళ్లను ఎత్తి పంపేశారు. ఈ రెండు నగరాల్లోనూ చీపురు పట్టినవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు. మన సంఘాల్లో పక్కన కూర్చునేవాళ్లు.

నేను అప్పుకు వ్యతిరేకిని కాను. భూగర్భ డ్రైనేజీ పైపు నలభై ఏళ్లు పనిచేస్తుంది. దాని ఖర్చంతా ఈ ఏడాది పన్ను కట్టేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. 2002లో తమిళనాడు డజనుకు పైగా చిన్న పట్టణాలను ఒక్కటిగా చేర్చి, నీళ్లకూ పారిశుద్ధ్యానికీ దాదాపు 30 కోట్లు తెచ్చింది. ఒక్కొక్కటిగా వెళ్తే ఆ పట్టణాలకు మార్కెట్లో ఎవరూ అంత అప్పు ఇచ్చేవారు కాదు. అది మంచి అప్పే. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకుండా చేసే యంత్రం కోసం అప్పు చేస్తే నేనే ముందుండి సమర్థిస్తాను.

వడ్డీని వెనక్కి నెడితే ఎవరూ అప్పివ్వరని, ఇచ్చినా వడ్డీ పెంచుతారని అంటారు. అందులో నిజం ఉంది. అందుకే వడ్డీ ఆపమని నేను అనడం లేదు. జీతానికి కూడా అలాంటి కంచె వేయమంటున్నాను. నెలకు జీతాలెంత, పీఎఫ్ ఎంత, ఈఎస్ఐ ఎంత అన్నది ముందే తెలిసిన లెక్క. దాన్ని పక్కన పెట్టాక మిగిలే ఆదాయాన్ని చూసే అప్పిచ్చేవాళ్లు అప్పివ్వాలి. పనివాళ్ల కడుపు మాడ్చి మిగిల్చిన డబ్బును ఆదాయంగా చూపించడం తప్పుడు లెక్క. చెత్త ఎత్తని ఊళ్లో ఇంటిపన్ను మాత్రం ఎన్నాళ్లు వసూలవుతుంది?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఉన్నాయి. తాకట్టు ఎలా పట్టాలో, ఏది పట్టకూడదో ముందు చెబుతుంది. ఆ వెంటనే కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయమంటుంది. అక్కడ అప్పును ఎవరూ రద్దు చేయలేదు. కానీ అప్పిచ్చినవాడి హక్కుకు ఒక హద్దు గీసి, కూలివాడి హక్కును దాని పక్కనే నిలబెట్టారు.

ఇంకో మాట. ఈ అప్పులకు ఒప్పుకున్నది ఎవరు? విశాఖలో 2018లో బాండ్ అమ్మినప్పుడు ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2012 నుంచి 2021 దాకా అక్కడ అధికారుల పాలనే. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు తీరాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరపలేదు. మనం ఓటేయని చేతులు చేసిన సంతకాలకు మన ఇంటిపన్ను జామీను ఉంటోంది. కౌన్సిల్ ఓటు లేకుండా కొత్త అప్పు గానీ, తాకట్టు గానీ ఉండకూడదని మనం గట్టిగా అడగాలి.

కాబట్టి సంఘ పెద్దలకూ యౌవనస్థులకూ నా మనవి ఇది. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో మీ కార్పొరేషన్‌కు గానీ, మున్సిపాలిటీకి గానీ ఒక దరఖాస్తు పెట్టండి. మొత్తం అప్పెంత, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి? ఏ ఆస్తి, ఏ ఆదాయం తాకట్టులో ఉంది? ఆ డబ్బు ఏ పనికి ఖర్చయింది? పారిశుద్ధ్య కార్మికుల జీతం, పీఎఫ్ బకాయిలు ఎన్ని నెలలవి? ఈ నాలుగూ చాలు. జవాబు వచ్చాక దాన్ని కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో, మన తెలుగులోనో రాసి వార్డు ఆఫీసు గోడ మీద పెట్టమని అడగండి.

మా ఊళ్లో మొదటి దరఖాస్తు నేను రాశాను. కింద ఆ అక్క సంతకం చేసింది.