చెరకు తీపిలో సగం గాలికి వదలొద్దు

ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. భీమసింగిలో క్రషింగ్ ఆగి కూడా ఏళ్లయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరిపిస్తామన్న మాట వింటూనే ఉన్నాం. ఇప్పుడు ఆ మాటకు ఇథనాల్ తోడైంది. మాది జామి మండలంలో చెరకు పండించిన కుటుంబం. నేను పైడిభీమవరంలో మందుల తయారీలో కెమిస్టుని. ఇథనాల్ ఒక్కటే దిక్కు అంటే నాకు మింగుడు పడటం లేదు.

వంద కిలోల గ్లూకోజును ఈస్టుతో పులియబెడితే, ఎంత బాగా చేసినా 51 కిలోల ఇథనాలే వస్తుంది. మిగతా 49 కిలోలు కార్బన్ డయాక్సైడై పోతుంది. రైతు తడులు పెట్టి, జడచుట్లు కట్టి పెంచిన తీపిలో దాదాపు సగం అది! అదే చక్కెర నుంచి హెచ్ఎంఎఫ్ అనే రసాయనం తీస్తే ఆరు కార్బన్లూ అందులోనే నిలుస్తాయి, పోయేది నీరే. లెక్కప్రకారం వంద కిలోలకు 70 కిలోలు రావచ్చు. దీనితో పెట్రోలియం అక్కర్లేని సీసాల ప్లాస్టిక్ చేయొచ్చు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌జైల్‌లో అవాంటియం కంపెనీ ఈ బాటలోనే ఏడాదికి 5,000 టన్నుల సామర్థ్యంతో 2024లో ప్లాంటు ప్రారంభించింది.

ఇందులో మన చెరకుకు ఒక మేలు ఉంది. హెచ్ఎంఎఫ్ తేలిగ్గా వచ్చేది ఫ్రక్టోజు నుంచి. మొక్కజొన్న పిండి నుంచి వచ్చేదంతా గ్లూకోజే. చెరకు చక్కెరను ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో విడగొడితే సగం ఫ్రక్టోజుగానే చేతికొస్తుంది. మిగిలిన గ్లూకోజు సిరప్‌ను, ఐసోమరేజ్ ఎంజైము పట్టించిన గుళికలున్న కాలమ్ గుండా 60 డిగ్రీల దగ్గర నిదానంగా పంపితే, అందులోనూ సగం దాకా ఫ్రక్టోజు అవుతుంది. అక్కడితో ఆగిపోతుంది. తయారైన ఫ్రక్టోజును ఎప్పటికప్పుడు తీసి ఆమ్ల ఉత్ప్రేరకానికి అందిస్తేనే ఎంజైము మళ్లీ ముందుకు నడుస్తుంది.

చిక్కు కూడా అక్కడే. ఉత్ప్రేరకానికి వంద డిగ్రీలు దాటిన వేడీ, పులుపూ కావాలి. ఆ రెండూ తగిలితే ఎంజైము చచ్చిపోతుంది. వేడి కాస్త ఎక్కువసేపు తగిలిందా, హెచ్ఎంఎఫ్ నల్లటి బంకగా మారి రియాక్టరు గోడలకు పట్టేస్తుంది. ఇంకొకటి. మన ఫ్యాక్టరీల్లో రసాన్ని సున్నంతో తేరుస్తారు. ఐసోమరేజ్‌కు మెగ్నీషియం కావాలి, కాల్షియం పడదు. అంటే సున్నాన్ని పూర్తిగా తొలగించాకే రసం కాలమ్‌లోకి వెళ్లాలి. ఇలాంటివి ఇక్కడి రసంతో, ఇక్కడే చేసి చూస్తే తప్ప తేలవు.

జీవక్రియనూ రసాయన చర్యనూ జోడించడం కొత్తేమీ కాదు. 1933లో రైక్‌స్టైన్ అనే కెమిస్టు విటమిన్ సి తయారుచేసిన పద్ధతిలో గ్లూకోజును సార్బిటాల్ చేసేది లోహ ఉత్ప్రేరకం, తరువాతి మెట్టు బ్యాక్టీరియాది, ఆపైన మళ్లీ కెమిస్ట్రీ. పెన్సిలిన్‌ను ఎంజైముతో కోసి, దానికి కొత్త భాగాలు అతికించి అమాక్సిసిలిన్ లాంటి మందులు చేస్తున్నాం. రియాక్టరు దగ్గర నిలబడి పని చేయగల కుర్రాళ్లు రణస్థలం చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు.

అందుకే భీమసింగి ఆవరణలో ఒక చిన్న పైలట్ ప్లాంటు పెట్టమంటున్నాను. విజయనగరం జేఎన్‌టీయూ, అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం చేయి కలపాలి. చెరకు లేని వేసవి నెలల్లో ఉద్దానం జీడిమామిడి పళ్లు వాడొచ్చు. పిక్క తీసుకున్నాక చెట్ల కిందే కుళ్లిపోయే ఆ పళ్ల రసంలో ఉన్నవి ముఖ్యంగా గ్లూకోజు, ఫ్రక్టోజులే. పెట్రోలియం ప్లాస్టిక్ ధరతో హెచ్ఎంఎఫ్ ప్లాస్టిక్ ఇప్పుడే పోటీ పడలేదని నాకూ తెలుసు. అందుకే ముందు పైలట్, తరువాతే ఫ్యాక్టరీ.

చెరకు మానేసి మొక్కజొన్న వేస్తున్న మా బావకు ఇదంతా చెబితే ఒకటే అడిగాడు: “సెరుకేత్తాం గానీ, డబ్బులెవులిత్తారు?” చెరకు తోలిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఆ మాట నిలవాలంటే, పైలట్ ప్రతిపాదన రాసేవాళ్లు యంత్రాల ఖర్చు కన్నా ముందు ఒక సీజన్ చెరకు సొమ్మును విడిగా బ్యాంకులో వేసే ఏర్పాటు రాయాలి.