కీబోర్డు ముందు కూర్చున్నవారిదేనా తప్పు?

భాషాధ్యాపకులమైన మేము కంప్యూటర్ ప్రోగ్రాంలను గురించి కలం పట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే మీట నొక్కి మనిషి యంత్రానికి అందించేది మాటనే. మాట ఉన్నచోట భాషాధ్యాపకునికి కొంత జోక్యం తప్పదని మా అభిప్రాయం.

ఇటీవల మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని పైథాన్ భాషలో తాను వ్రాసిన తొలి ప్రోగ్రాంను ఎంతో ఉత్సాహంతో మాకు చూపించింది. అది పేరు, వయస్సు అడిగి, పదేళ్ల తరువాత మన వయస్సెంతో చెబుతుంది. మేము ఇంటిపేరు లేకుండా మా పేరును ఒక్క మాటగా తెలుగులో టైపు చేశాము. "పేరు తప్పు" అని తెరపై జవాబు వచ్చింది. అదే పేరును ఉర్దూలో ఇవ్వగా మారుమాట లేకుండా అంగీకరించింది! వయస్సును "ముప్పయి అయిదు" అని మాటలలో వ్రాసేసరికి ప్రోగ్రాం ఆగిపోయింది. "సార్, మీరు అంకెలే వేయాలి" అన్నదామె. ఆ మాటయే ఈ వ్యాసానికి ప్రేరణ.

పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఆజ్ఞ మనం ఏది టైపు చేసినా అక్షరాల వరుసగానే అందిస్తుంది. 2, 3 ఇచ్చి అట్లే కూడమంటే 5 రాదు, 23 వస్తుంది. కనుక ముందుగా సంఖ్యగా మార్చుకోవాలి. మార్చ వీలుకానిది వస్తే ఏమి చేయాలో చెప్పకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. ట్రై, ఎక్సెప్ట్ అనే రెండు మాటలతో ఆ సందర్భాన్ని పట్టుకొని, మర్యాదగా మళ్లీ అడగవచ్చు. సీ భాషలో చిక్కు మరింత ఎక్కువ. స్కాన్ఎఫ్ సంఖ్య కోసం చూస్తుండగా అక్షరం వస్తే, అది చదవబడక అక్కడే నిలిచిపోతుంది. లూప్‌లో ఉంటే ప్రోగ్రాం ఆ అక్షరం వద్దనే అంతులేక తిరుగుతుంది. ఎన్ని విలువలు చదివినదీ స్కాన్ఎఫ్ తానే తెలియజేస్తుంది. ఆ సమాధానాన్ని పట్టించుకునే విద్యార్థులు అరుదు.

ఇక పేరు సంగతి. పేరులో అక్షరాలే ఉండాలని ఆ విద్యార్థిని ఈజ్‌ఆల్ఫా అనే పరీక్ష పెట్టింది. ఉదాహరణకు 'రహీం' అన్న పేరును తీసుకుందాం. మన కంటికి కనిపించేవి రెండక్షరాలు. కంప్యూటరుకు మాత్రం అవి నాలుగు: ర, హ, గుడిదీర్ఘం, సున్న. యూనికోడ్ వర్గీకరణలో మొదటి రెండే అక్షరాలు, తక్కినవి గుర్తులు. గుర్తు కనబడగానే ఆ పరీక్ష పేరును తిరస్కరిస్తుంది. ఉర్దూలో జేర్, జబర్‌లు సాధారణంగా వ్రాయము కనుక అక్కడ పేరు గట్టెక్కింది. విచిత్రమేమంటే, పైథాన్‌లో సంఖ్యగా మార్చే ఆజ్ఞ తెలుగు అంకెలలో ౩౫ అని ఇచ్చినా, ఉర్దూ అంకెలలో ఇచ్చినా 35గానే స్వీకరిస్తుంది. పైథాన్ తెరిచి ఉంచిన తలుపును మన పరీక్షయే మూసివేసింది.

తొలి పాఠంలోనే ఇంత భారమా అని అధ్యాపక మిత్రులు అడగవచ్చు. ఇది నాలుగైదు పంక్తుల పని. తొలినాడు అలవడనిది తరువాత అలవడుట కష్టం. నేటి విద్యార్థులే రేపు విద్యార్థి వేతనాల దరఖాస్తులకు, ఆసుపత్రి చీటీలకు ప్రోగ్రాంలు వ్రాస్తారు. ఆనాడు తిరస్కరింపబడిన తల్లి తన పేరులోనే ఏదో లోపమున్నదని తలవంచుకొని వెనుదిరుగుతుంది. ఆమెకు ఈజ్‌ఆల్ఫా సంగతి ఎవరు చెబుతారు?

విద్యార్థులకు మా సూచనలు మూడు. పేరు ఖాళీగా ఉన్నదా అని మాత్రమే చూడండి, దాని రూపాన్ని శాసించకండి. సంఖ్య సరిగా రాకపోతే ఏది కావాలో తేటమాటలలో చెప్పి మళ్లీ అడగండి. ప్రోగ్రాం పూర్తయిన తరువాత, దానిని ఎన్నడూ చూడనివారి చేత మీటలు నొక్కించండి.

కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు రెండు. ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరులోను తెలుగు, ఉర్దూ కీబోర్డు అమరికలను ఏర్పాటు చేయించాలి. మన కళాశాల అంతర్గత ప్రయోగ పరీక్షలలో సరియైన ఇన్‌పుట్‌కే గాక, తప్పు ఇన్‌పుట్‌కు ప్రోగ్రాం ఇచ్చే సమాధానానికి కూడా కొన్ని మార్కులు కేటాయించాలి.

ఇంటికి వచ్చిన అతిథి తడబడితే మనం తలుపు వేయము, మళ్లీ పలకరిస్తాము. మన విద్యార్థుల ప్రోగ్రాంలు కూడా ఆ మర్యాదను నేర్వాలని మా ఆకాంక్ష.