సీటు కవర్లు తర్వాత, ముందు టైమింగ్ బెల్ట్ మార్చండి



ఈమధ్య మన ఊళ్ళలో చాలామంది సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నారు. మంచిదే. వెనక సీటు మడిచేస్తే నాలుగు గంపల కూరగాయలు పడతాయి. కొన్న మర్నాడే సీటు కవర్లు వేయిస్తాం గానీ, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని మాత్రం అడగం. నేనూ అడగలేదు.

ఒకరోజు తెల్లారగట్ల వంకాయలు వేసుకుని గోపాలపట్నం రైతు బజారుకి బయలుదేరాను. వేపగుంట దాటాక ఇంజన్ టక్కున ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా తిరుగుతోంది, అంటుకోవట్లేదు. బ్యాటరీ అనుకుని నలుగురి చేత తోయించాను. అది పెద్ద తప్పు. గాజువాక ఆటోనగర్‌కి లాక్కెళ్ళి విప్పిస్తే బెల్ట్ తెగింది, వాల్వులు వంగాయి. హెడ్ దింపాల్సొచ్చింది. ఆ పంట డబ్బంతా అక్కడే పోయింది.

మనకి ఈ సంగతి తెలీకపోడానికి కారణం ఉంది. మన ట్రాక్టర్ ఇంజన్లలో ఈ పని మామూలుగా పళ్ళ చక్రాలు చేస్తాయి. మారుతి 800, ఓమ్నీ, ఇండికా డీజిల్ లాంటి పాత కార్లలో రబ్బరు బెల్ట్ చేస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. బెల్ట్ తెగితే క్యామ్ ఆగిపోతుంది, చాలా ఇంజన్లలో తెరుచుకున్న వాల్వుని పిస్టన్ వచ్చి గుద్దుతుంది. డీజిల్ ఇంజన్లో ఈ రెంటికీ మధ్య సందు మరీ తక్కువ.

"మా బండి వారానికి రెండుసార్లే తీస్తాం, అరగదు" అంటారు. కిలోమీటర్లు తిరక్కపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఆయిల్ కారి తడిస్తే ఇంకా తొందరగా పోతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లూ, ఏళ్ళూ రెండూ రాస్తారు. ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. పాత ఓనరు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. పోర్టులో, స్టీల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టులు తెగేదాకా ఆగరు కదా, మనమెందుకు ఆగాలి?

మార్చేటప్పుడు టెన్షనర్ కూడా కొత్తది వేయించండి. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే తిరిగేదైతే దాన్నీ, ఆయిల్ సీళ్ళనీ చూపించండి. గుర్తులు కలిపాక ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూశాకే సెల్ఫ్ కొట్టమనండి.

ఒకవేళ దారిలోనే తెగితే సెల్ఫ్ కొట్టొద్దు, తోయొద్దు. బాగున్న వాల్వులు కూడా వంగొచ్చు. ట్రాక్టరుకి కట్టి న్యూట్రల్‌లో లాక్కెళ్ళండి. కొత్త బెల్ట్ వేసేసి పంపించేస్తానంటే ఒప్పుకోకండి, ముందు వాల్వులు చూడమనండి.

మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. రేపు మీ దగ్గర ఆ బండి కొనేవాడూ రైతే అవుతాడు.